బియ్యంలో కలిపారు సరే, రిజిస్టరు ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇనుము, విటమిన్లు కలిపి రేషనులో ఇచ్చే బలవర్ధక బియ్యం గురించి మీ పత్రికలో వారం తేడాతో వచ్చిన రెండు వ్యాసాలూ చదివాను. పేదవాడి కంచంలో రసాయనాలు పోస్తున్నారని ఒక డాక్టరు గారు రాశారు. రక్తహీనతకు ఇంతకు మించిన మందు లేదని ఒక విశ్రాంత అధికారి గారు రాశారు. ఇద్దరూ పెద్దవారు, ఇద్దరూ లెక్కలు చూపించారు. ఆ బియ్యం కడిగి, వండి, పిల్లలకు పెట్టే ఆడమనిషి మాత్రం రెండు వ్యాసాల్లోనూ ఎక్కడా కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 1986 నుంచి 2017 వరకు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేశాను. అప్పుడది విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. సాలూరు దాటాక కొండ మీది ఊళ్లు నా సబ్‌సెంటరు కిందికి వచ్చేవి. రిటైరయ్యాక కింద పల్లెలో ఉంటున్నాను. ఇప్పటికీ నన్ను సిస్టరమ్మా అనే పిలుస్తారు.

పోయిన శ్రావణమాసంలో మా వీధి చివరింటి అమ్మాయి చేటలో బియ్యం పట్టుకుని వచ్చింది. నా చేతుల మీద పుట్టిన పిల్ల. చేటలో ఒక మూలకు ఏరి పెట్టిన గింజలు గుప్పెడు ఉన్నాయి. మిగతా బియ్యం కంటే కాస్త వేరే రంగులో, నున్నగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. "సిస్టరమ్మా, ఇవి ప్లాస్టిక్ బియ్యమంట. నీళ్లు పోస్తే పైకి తేలుతున్నాయి. మా అత్త ఏరి పారెయ్యమంది. రోజూ ఏరుతున్నాను, మీరొకసారి చూడండి" అంది.

నాలుగు గింజలు గ్లాసు నీళ్లలో వేసి, నానిన తర్వాత బొటనవేలితో నలిపి చూపించాను. మెత్తగా పిండైంది. బియ్యాన్ని పిండి పట్టి, అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్ కలిపి, యంత్రంలో పెట్టి మళ్లీ గింజల్లాగా తీస్తారని, కిలో బియ్యానికి పది గ్రాముల చొప్పున మిల్లులో కలుపుతారని నాకు తెలిసినంతవరకు చెప్పాను. ఆ పిల్ల చేట వంక చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి ఈ ముక్క మాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమెకు అప్పుడు అయిదో నెల. కార్డు తీసి చూశాను, హిమోగ్లోబిన్ 8.2. దేశంలో ఎవరి కోసమైతే ఆ గింజలు తయారుచేశారో ఆ మనిషే రోజూ గుమ్మంలో కూర్చుని, కళ్లు చికిలించి, వాటిని ఒక్కొక్కటిగా ఏరి పెరట్లో పారబోస్తోంది. ఎన్ని నెలలుగా ఏరుతున్నావని అడిగితే సంక్రాంతి నుంచి అంది.

సంచి మీద బలవర్ధకమని తెలిపే ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది కదా అని అధికారి గారు రాశారు. ఉంటుంది. కానీ సంచి డీలరు దగ్గరే ఉండిపోతుంది. కార్డుదారుకు కాటా వేసిన బియ్యం చేతిసంచిలోకి వస్తుంది. ఆ గుర్తు మా ఊళ్లో ఎంతమంది చూశారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చూసినవారికైనా ఆ ఇంగ్లీషు అక్షరం ఏమి చెబుతుంది?

నేను ఈ పథకానికి వ్యతిరేకిని కాను. డాక్టరు గారి వైపు చేరానని ఎవరూ అనుకోకూడదు కాబట్టి నా సంగతి ఒకటి చెబుతాను.

1994 వానాకాలం. కొండ మీద ఒక ఊళ్లో పందొమ్మిదేళ్ల అమ్మాయికి తొలి కాన్పు. ఆరో నెలలో నేను చూసినప్పుడే కింది రెప్ప తిప్పితే తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంది. రక్తం ఆరు గ్రాములు. మాత్రలు ఇచ్చాను, నెలనెలా వెళ్లి ఇచ్చాను, ఇచ్చినట్టు రిజిస్టరులో రాసుకున్నాను. వేసుకుంటున్నావా అంటే తల ఊపేది. కాన్పు ఇంట్లోనే అయింది. బిడ్డ దక్కింది. మాయ పడ్డాక రక్తం ఆగలేదు. డోలీ కట్టి కిందికి దించుతుంటే సగం దారిలోనే ప్రాణం పోయింది. మంచి రక్తం ఉన్న మనిషి అయితే ఆ మాత్రం రక్తస్రావానికి తట్టుకుని ఉండేది. పన్నెండో రోజు ఆమె అత్త సబ్‌సెంటరుకు నడిచి వచ్చి ఒక రేకు డబ్బా నా బల్ల మీద పెట్టింది. లోపల నేనిచ్చిన కాగితపు పొట్లాలు, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. "ఇంకెవరికైనా ఇయ్యమ్మా, పనికొస్తాయి" అంది. ఆమె మాటలో దెప్పిపొడుపు ఏమీ లేదు. నిజంగానే ఇంకొకరికి పనికొస్తాయనే తెచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ డబ్బా మూత శబ్దం నాకు గుర్తుంది.

ఆ మాత్రలు వేసుకుంటే వాంతి వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది, బిడ్డ నల్లగా పుడుతుంది, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది. ఇవన్నీ విని విని, ఎదురు చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. నెల రోజుల మాత్రల్లో పది వేసుకుంటే గొప్ప. కాబట్టి ఎలాగూ తినే అన్నంలోనే ఇనుము కలిపితే బాగుండునని నా ఉద్యోగకాలంలో నేనే ఎన్నోసార్లు అనుకున్నాను. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధానమంత్రి ఆ మాట ప్రకటించినప్పుడు టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టినదాన్ని.

అయితే చప్పట్లు కొట్టినంత మాత్రాన లెక్క వేయకుండా ఉండలేను. ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఈ బియ్యం కిలోలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. మనిషికి నెలకు అయిదు కిలోలంటే రోజుకు సుమారు 165 గ్రాములు. అంటే రోజుకు ఆ బియ్యం ద్వారా వచ్చేది అయిదు నుంచి ఏడు మిల్లీగ్రాములు. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్ద వయసు స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. గర్భిణికి ఇచ్చే ఒక్క ఎర్రమాత్రలో ఉన్నది 60. ఆ మాత్రలో ఉన్నంత ఇనుము ఈ బియ్యం నుంచి రావాలంటే తొమ్మిది నుంచి పదమూడు రోజులు పడుతుంది. పైగా కలిపేది ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ అనే రకం ఇనుము. అన్నం రంగు, రుచి మారకుండా ఉండటానికి దాన్ని ఎంచుకున్నారు. ఒంటికి పట్టడంలో అది కాస్త వెనకబడిన రకం. భోజనం కాగానే టీ తాగే ఇళ్లలో అది ఇంకా తగ్గుతుంది.

కాబట్టి 8.2 ఉన్న అమ్మాయికి ఇది మందు కాదు. ఏ రక్తహీనతా లేని మనిషి రక్తం తగ్గకుండా కాపుకాయడానికి ఇది కొంత ఆసరా కావచ్చు. "తిరుగులేని మందు" అని అధికారి గారు రాసిన మాట ఒక గర్భిణి చదివి, బియ్యం తింటున్నాను కదా అని మాత్రలు మానేస్తే ఆ బాధ్యత ఎవరిది? దయచేసి అలాంటి మాటలు రాయవద్దు.

డాక్టరు గారు 2019 నాటి కాక్రేన్ సమీక్షను, అంటే అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి బేరీజు వేసిన నివేదికను చూపించారు. ఇనుము కలిపిన బియ్యం వల్ల రక్తహీనత ముప్పులో తేడా తక్కువగానో, అసలు లేకుండానో ఉండవచ్చని అందులో తేల్చిన మాట వాస్తవమే. కానీ దాన్నిబట్టి విషమనే మాటకు దూకడం ఏమి న్యాయం? ప్లాస్టిక్ బియ్యమనే పుకారు ఇప్పటికే ఊరూరా తిరుగుతోంది. రసాయనం అనే ఒక్క మాట చాలు, ఇంకో వంద మంది చేటలు ముందు వేసుకుని కూర్చుంటారు. ఆ గింజలో ఉన్న ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసే దారి చూపించిన పరిశోధక బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోగా ఆ బాధతో మందుల వెంట పడిన మనిషి ఆయన. రసాయనం అన్నంత మాత్రాన తీసిపారెయ్యలేం.

అధికారి గారు చెప్పిన అంకెలు కూడా చూద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 53 శాతం మందికి రక్తహీనత ఉంటే 2019-21 నాటికి అది 57 శాతమైందని, చిన్నపిల్లల్లో 67 శాతమని, అందుకే బియ్యంలో కలపక తప్పలేదని ఆయన వాదన. ఈ లెక్కలు వేలి చివర సూదితో పొడిచి తీసిన చుక్క రక్తంతో తేల్చినవి. 2016-18లో పిల్లల మీద జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో నరంలోంచి రక్తం తీశారు. అందులో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతం వచ్చింది. వయసుల పరిధిలో కాస్త తేడా ఉన్నా ఇంత దూరం రావడానికి అదొక్కటే కారణం కాదు.

వేలి రక్తం సంగతి నాకు తెలిసినంత బాగా ఢిల్లీలో ఎవరికీ తెలియదంటే అతిశయోక్తి కాదు. మా రోజుల్లో హిమోగ్లోబిన్ కొలవడానికి శాలీ పద్ధతి. గాజు గొట్టంలో ఇరవై గీత వరకు యాసిడ్ పోసి, పిప్పెట్టుతో నోటితో పీల్చి రక్తం అందులో వదిలితే అది కాఫీడికాషన్ రంగుకు తిరుగుతుంది. పది నిమిషాలు ఆగి ఒక్కొక్క చుక్క డిస్టిల్డ్ వాటర్ పోస్తూ, కలుపుతూ, పక్కనున్న గాజుకడ్డీ రంగుతో సరిపోయే దాకా చూడాలి. సరిపోయిన చోట గీత చదవాలి. నేను ఎప్పుడూ గొట్టం పట్టుకుని వసారా అంచుకు వచ్చేదాన్ని. పొద్దున ఎండలో తొమ్మిదిన్నర అనిపించినది సాయంత్రం మబ్బులో ఎనిమిదిన్నర అనిపించేది. వేలు చల్లగా ఉండి రక్తం రాకపోతే పిండుతాం. పిండితే ఒంట్లోని నీరు కూడా కలిసి వచ్చి రక్తం పలచనవుతుంది, అంకె పడిపోతుంది. తర్వాత వచ్చిన మిషన్లు కంటిచూపు పని తప్పించాయి గానీ పిండిన వేలి సంగతి అలాగే ఉంది. ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే ఊళ్లో సగం మంది జబ్బు గీతకు ఈ పక్కనుంచి ఆ పక్కకు మారిపోతారు.

అలాగని రక్తహీనత లేదని నేను అనడం లేదు. నా కళ్లతో చూశాను. కొలత గట్టిగా లేని చోట మందు పనిచేసిందో లేదో ఎలా తేలుతుందన్నదే నా ప్రశ్న. ఇనుము లోటు ఒక్కటే కారణమా అన్నది కూడా తేలదు. కొండ మీద మలేరియా ఉంది, చెప్పుల్లేని కాళ్లలోంచి కొంకిపురుగులు ఉన్నాయి, పదిహేడేళ్లకే పెళ్లి, ఏడాదిన్నరకో కాన్పు ఉన్నాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చింది, ఆ పుణ్యం ఊరికే పోదు. కానీ అప్పటిదాకా మా కొండ మీద సామబువ్వ, చోడి అంబలి, ఉలవచారు, అడవి ఆకుకూరలు తిన్నవాళ్లు మెల్లగా తెల్లన్నానికీ పలచటి చారుకూ వచ్చారు. ముందు బియ్యం మిగతావాటినన్నిటినీ కంచంలోంచి తోసేసింది, ఇప్పుడు ఆ పోయినవాటిని బియ్యంలోనే కలపాలని చూస్తున్నాం. బడిలో గుడ్డు, రాగిజావ ఇవ్వడం నాకు ఇంతకంటే నమ్మకం ఉన్న పని.

ఇంకో జబ్బు గురించి ఇద్దరూ ఒక్కొక్క వాక్యంతో సరిపెట్టారు. మా మన్యంలో సికిల్ సెల్ ఉంది, రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. ఇనుము కలిపిన ఆహారాన్ని తలసీమియా (పుట్టుకతో వచ్చే ఇంకో రక్తం జబ్బు) ఉన్నవారు డాక్టరు పర్యవేక్షణలో తీసుకోవాలని, సికిల్ సెల్ ఉన్నవారు తీసుకోవద్దని పొట్లం మీద రాయాలని 2018 నిబంధనల్లో ఉండేది. తర్వాత నిపుణులు పరిశీలించి ప్రమాదం లేదనడంతో ఆ హెచ్చరిక తీసేశారు. వారి మాటలో సబబు ఉంది. తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లవాడికి ఒక్క బ్యాగు రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వెళుతుంది. దానిముందు ఈ బియ్యంలోది ఎంత? కాకపోతే హెచ్చరిక ఉన్నన్నాళ్లూ అది మా ఊళ్లో ఎవరికీ తెలియదు, తీసేసిన సంగతీ తెలియదు. ఆ జబ్బున్న కుర్రాడి తల్లి ఒకామె నన్ను దారిలో ఆపి, "మావాడికి ఈ బియ్యం పెట్టొచ్చా?" అని అడిగింది. ఎవరో ఏదో చెప్పి ఉంటారు. పెట్టొచ్చని, అయినా రక్తం ఎక్కించే చోట డాక్టరును ఒకసారి అడగమని చెప్పాను. రేషను బియ్యం తప్ప వేరే బియ్యం కొనే స్థితి ఆమెకు లేదు. కొనగలిగినవారికి ఈ చర్చ పత్రికలో చదివే విషయం, ఆమెకు అది పొద్దుటి వంట.

అయొడిన్ ఉప్పుకు లేని చిక్కు ఇక్కడ ఉన్నది ఇందుకే. ఉప్పు కలెక్టరు గారి ఇంట్లోనూ, కూలివాడి ఇంట్లోనూ ఒకటే. పేదవాళ్లు తినేదానిలో మాత్రమే కలిపినప్పుడు వాళ్లకు రెండింతలు ఎక్కువ చెప్పాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ బియ్యాన్ని కిలో పదికో పన్నెండుకో గుమ్మంలోనే అమ్ముకుని సన్నబియ్యం కొనుక్కునే ఇళ్లు ఎన్ని లేవు? ఆ ఇంటివాళ్లను కూడా బలవర్ధక బియ్యం అందినవారి జాబితాలోనే వేస్తున్నారు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి అధికారి గారు ఎత్తిచూపిన కాంగ్రా లోయ గురించి నాలుగు మాటలు. ఉప్పులో అయొడిన్ కలిపి గాయిటర్‌ను, అంటే గొంతు వాపు జబ్బును తరిమారు, అలాగే బియ్యంతో రక్తహీనతను తరుముతాం అన్నారు. ఆ పని వెనక ఉన్నది మా శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వైద్య శాస్త్రవేత్త రామలింగస్వామి గారు. మా ఉత్తరాంధ్రవాళ్లకు ఆ పేరు తెలియాలి. ఇప్పుడు హిమాచల్‌లో ఉన్న ఆ లోయను 1956లో మూడు భాగాలు చేశారు. ముందు బడిపిల్లల గొంతులు పరీక్షించి గాయిటర్ ఎంతమందికి ఉందో రాసుకున్నారు. రెండు భాగాలకు అయొడిన్ ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు పంపారు. ఏళ్లు గడిచాక మళ్లీ వెళ్లి గొంతులు పరీక్షించారు. అయొడిన్ అందిన రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. అప్పుడు ఆ మూడోవారికీ ఇచ్చారు, 1962లో దేశానికంతటికీ కార్యక్రమం మొదలైంది. ముందు కొలిచారు, ఇచ్చారు, మళ్లీ కొలిచారు. ఆ తర్వాతే దేశం మొత్తానికి పంచారు. కాంగ్రాను ఉదాహరణగా చూపేవారు ఈ వరుసను కూడా చూపాలి కదా!

బలవర్ధక బియ్యాన్ని 2028 డిసెంబరు వరకు కొనసాగించాలని 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఖర్చు 17,082 కోట్ల రూపాయలు. ఆ సొమ్ము ఎక్కువా తక్కువా అని నేను అనను. ఒక్క మాత్ర ఇచ్చినా పేరు, తేదీ, హిమోగ్లోబిన్, ఎన్ని మాత్రలు అని నాలుగు గళ్లు నింపమని నాకు నేర్పిన శాఖే, ఇంత పని చేసి ఏ రిజిస్టరులో రాస్తోందని అడుగుతున్నాను. ఏ మండలంలో ఎంతమందికి నరం రక్తం తీసి చూశారు? మిల్లులో కలిపిన విటమిన్ గోదాములో నెలలు గడిచాక, డిపోలో కాటా వేసేనాటికి ఎంత మిగులుతోంది? మేము గంజి వార్చే మనుషులం, వార్చిన గంజితో ఎంత పోతోంది? పరీక్షలు జరుగుతూ ఉంటే ఆ ఫలితం డిపో గోడ మీద ఎందుకు అంటించరు?

నా మనవి చిన్నది. ప్రతి డిపోలో, ప్రతి అంగన్వాడీలో ఈ గింజలను ఒక సీసాలో పోసి పెట్టండి. ఇది బియ్యప్పిండితో చేసినదని, ఏరవద్దని, దీన్ని తింటున్నా మాత్రలు మానవద్దని తెలుగులో, మా దగ్గర సవర, కువి భాషల్లో నోటితో చెప్పే మనిషిని పెట్టండి. ఆశా కార్యకర్తలు ఉన్నారు, వాళ్లకు ఒక్క పూట శిక్షణ చాలు. ఇకనైనా జిల్లాకు కొన్ని ఊళ్లు ఎంచుకుని, నరం రక్తంతో కొలిచి, ఏడాదికోసారి ఆ అంకెలు, మంచివైనా చెడ్డవైనా, మీ పత్రికలాంటి పత్రికల్లో అచ్చువేయండి. తగ్గకపోతే తగ్గలేదని చెప్పండి, గుడ్లకూ పప్పుకూ ఆ డబ్బు మళ్లించే ధైర్యం చేయండి.

మా వీధి అమ్మాయి ఏరడం మానేసింది. మాత్రలు నా ఎదురుగా వేసుకుంటోంది, రాత్రి అన్నం తిన్న గంట తర్వాత, నిమ్మకాయ నీళ్లతో. ఎనిమిదో నెలలో 9.6 వచ్చింది. అది బియ్యం వల్లా, మాత్రల వల్లా, రోజూ మా ఇంట్లో తినిపించిన మునగాకు పప్పు వల్లా అంటే నేను చెప్పలేను. ఒక్క మనిషి విషయంలోనే, ఎదురుగా ఉండి చూసిన నేనే చెప్పలేకపోతున్నాను.

నా సబ్‌సెంటరు పాత రిజిస్టర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బీరువాలో ఉండాలి. ముప్పై ఒక్క ఏళ్ల గర్భిణుల అంకెలు, చాలావరకు వసారా వెలుతురులో కంటితో చదివినవే. కొలవాలనుకున్నవారు వస్తే ఏ ఊరు ఏ పేజీలో ఉందో నేను వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
సాలూరు మండలం, పార్వతీపురం మన్యం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)